నెల్లూర్లో పోకెమాన్ కార్డుల టోర్నమెంట్ మళ్ళీ పెడుతుండాం, ఈసారి గొడవ లేకుండా రూల్స్ ఎట్టా పెట్టాలి?

పెన్నాగట్టు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాళెం సైడు. పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్ ఆడేవాళ్ళం ఊళ్ళో ఓ పదిమందిమి ఉండాం, పోయిన సంక్రాంతి సెలవులకి హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు నుంచి ఇళ్ళకొచ్చిన పిల్లలు కూడా తోడయ్యారని ఒక టోర్నమెంట్ పెట్టా. 24 మంది వచ్చారు. నాకు తెలిసింది మా వీధి క్రికెట్ టోర్నమెంటే కాబట్టి అదే పద్ధతిలో నాకౌట్ పెట్టి చీటీలు తీసి జతలు కలిపేశా.

24 లో 12 మిగిలారు, 12 లో 6, 6 లో 3, అక్కడ ఆగిపోయా. ముగ్గురితో సెమీస్ ఎట్టా ఆడిస్తాం? మళ్ళీ చీటీ తీశా, మా పిన్ని కొడుక్కి బై వచ్చి ఆడకుండానే ఫైనల్‌కి పోయాడు. చీటీ తీసింది నేనే. నేను ఏ మోసమూ చెయ్యలేదు కానీ చూసేవాళ్ళు ఎందుకు నమ్ముతారు.

ఫైనల్ సగంలో ఉండగా హాలు ఖాళీ చెయ్యమన్నారు. మా వాడికి ఇంకా 3 ప్రైజ్ కార్డులు (ఎదుటోడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా తీసుకునేవి, ముందు అన్నీ తీసుకున్నోడు గెలిచినట్టు) మిగిలుండాయి, అవతల అబ్బాయికి 2 మిగిలుండాయి, కానీ మా వాడి బెంచ్ మీద, అంటే వెనక వరసలో, పోకెమాన్‌లు బలంగా ఉండాయి, ఇంకో రెండు టర్న్‌లు ఆడితే వాడే గెలుస్తాడనిపించి వాడికే ఇచ్చేశా. అవతల అబ్బాయి ఏమీ అనలేదు, కార్డులు డబ్బాలో సర్దుకుని పోయాడు. వాడి ఫ్రెండ్స్ మాత్రం వాట్సాప్ గ్రూపులో వారం రోజులు నన్ను కడిగేశారు.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటుంది. ఆత్మకూరు నుంచి తెల్లారి బస్సెక్కి తొమ్మిదో తరగతి పిల్లోడు వాళ్ళ నాన్నతో వచ్చాడు, మొదటి ఆటలో పావుగంటలో ఓడిపోయాడు, ఇంక సాయంత్రం దాకా వేరేవాళ్ళ ఆట చూస్తా కూర్చున్నాడు. పోతా పోతా వాళ్ళ నాన్న "ఇంతేనా బాబూ" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఈసారి సరిగ్గా చెయ్యాలనుకుంటుండా. రౌండ్లు ఎట్టా పెట్టాలి, టైం అయిపోతే ఎవరు గెలిచినట్టు, నకిలీ కార్డులు తెస్తే ఏం చెయ్యాలి? ఇంకోటి, పాత హాలు ఓనర్ ఈసారి ఇవ్వనంటుండాడు, "కార్డులంటే పేకాటే గదయ్యా, మాకెందుకు ఆ గోల" అని. దానికి కూడా ఏదన్నా దారి చెప్పండి.

స్లీవ్_కావలి:

అన్నా ముందు నాకౌట్ తీసెయ్. మొదటి రౌండ్ నుంచే నాకౌట్ పెట్టడం కార్డు ఆటకి నప్పదు, డెక్, అంటే ఆడే కార్డుల కట్ట, ఎంత బాగా కట్టుకున్నా ఒకోసారి చేతికి కావాల్సిన కార్డు రాదు, ఆ ఒక్క చెడ్డ ఆటతో మనిషిని పక్కన కూర్చోబెడితే ఆత్మకూరు పిల్లోడి మాదిరే అవుతుంది. స్విస్ పెట్టు. స్విస్‌లో ఎవరూ బయటికి పోరు, అందరూ అన్ని రౌండ్లూ ఆడతారు. మొదటి రౌండ్‌కి చీటీలే, రెండో రౌండ్ నుంచి పాయింట్లు సమానంగా ఉన్నోళ్ళని కలుపుకుంటా పోతావు, గెలిచినోడికి గెలిచినోడు తగుల్తాడు, ఓడినోడికి ఓడినోడు తగుల్తాడు, ఒకసారి ఆడిన జత మళ్ళీ రాకుండా చూసుకో. గెలిస్తే 3, టై అయితే 1, ఓడితే 0. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఇంకో కార్డు ఆటలో కూడా ఇవే పాయింట్లు.

ఎన్ని రౌండ్లంటే 8 మందికి 3, 16 దాకా 4, 32 దాకా 5. నీ 24 మందికి 5 రౌండ్లు చాలు. బేసి సంఖ్య వస్తే అందరికంటే కింద ఉన్నోడికి బై, బై అంటే 3 పాయింట్లు, ఒకే మనిషికి రెండుసార్లు ఇవ్వకూడదు. 5 రౌండ్లు అయ్యాక పై నలుగుర్ని తీసి అప్పుడు పెట్టు నీ నాకౌట్. నలుగురంటే ఇద్దరవుతారు, ఇద్దరంటే ఒకడు, మూడు దగ్గర ఇరుక్కునే పనే లేదు.

టైం విషయం. స్విస్ రౌండ్లు ఒక్కొక్క ఆట, 30 నిమిషాలు. సెమీస్, ఫైనల్ మూడు ఆటల్లో రెండు గెలవాలి, మ్యాచ్‌కి 50 నిమిషాలు. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య పావుగంట వదులు, ఎవరు గెలిచారో రాసిన స్లిప్పులు రావాలి, జతలు రాసి గోడకి అంటించాలి, పిల్లలు నీళ్ళు తాగాలి. ఈ లెక్కన 5 రౌండ్లకి 225 నిమిషాలు, అంటే పొద్దున 10కి మొదలెడితే రెండు కొడతుండగా స్విస్ అయిపోతుంది, భోజనానికి గంట, ఆ తర్వాత సెమీస్ ఫైనల్ కలిపి రెండు గంటల పైన, సాయంత్రం 5కి అయిపోద్ది. హాలు మాత్రం 7 దాకా మాట్లాడుకో, పోయినసారి నిన్ను ముంచింది అదే.

"టైం" అని అరవగానే ఆట ఆపెయ్యకూడదు. ఆ క్షణంలో ఎవరి టర్న్ నడుస్తుంటే అది పూర్తి చెయ్యనివ్వు, దాని తర్వాత ఇంకో 3 టర్న్‌లు. మ్యాజిక్‌లో అయితే అవి 5. అప్పటికీ తేలకపోతే స్విస్‌లో టై, చెరొక పాయింట్. నాకౌట్‌లో టై కుదరదు గదా, అక్కడ ప్రైజ్ కార్డులు తక్కువ మిగిలినోడు గెలిచినట్టు, అవి కూడా సమానమైతే ఎవరో ఒకరు ముందుకి పోయేదాకా ఆడించు. అన్నా, కోపం తెచ్చుకోవద్దు, ఈ లెక్కన నీ ఫైనల్ ఆ 2 మిగిలిన అబ్బాయిదే.

ఇంకో మాట, టైం రూల్ పెట్టిన రోజు నుంచి టైం తినేవాళ్ళు కూడా పుట్టుకొస్తారు. ముందంజలో ఉన్నోడు అవసరం లేకపోయినా తన డిస్కార్డు కుప్ప (వాడేసిన కార్డులు) మూడోసారి తిరగేస్తా, చేతిలో కార్డులు లెక్కపెట్టుకుంటా కూర్చుంటాడు. ఆలోచించుకోవద్దని చెప్పడం కాదు, ఆట కదలకుండా ఉంటే జడ్జి పోయి "ఆడు నాన్నా" అని చెప్పాలి, మళ్ళీ చేస్తే వార్నింగ్ రాసుకోవాలి.

ఒంగోలు_ఆర్బిటర్:

నేను కార్డులు ఆడను, చదరంగం టోర్నమెంట్లకి ఆర్బిటర్‌గా, అంటే జడ్జిగా, పోతుంటాను. కావలి తమ్ముడు స్విస్ గురించి చక్కగా చెప్పాడు. ఆ పద్ధతి చదరంగం నుంచి వచ్చిందే, 1895లో స్విట్జర్లాండ్ జ్యూరిక్‌లో మొదటిసారి వాడారు, పేరు అందుకే.

మీరు బోర్డు బలం చూసి గెలుపు ఇచ్చానన్నారు చూడండి, దాని దగ్గర కాసేపు ఆగాలి. మా ప్రకాశం జిల్లాలో బండలాగుడు పందాలు మీరు చూసే ఉంటారు. ఈల పడ్డాక ఆ జత బండని ఎంత దూరం లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. "ఈ గిత్తలు ఇంకా ఉషారుగా ఉన్నాయి, ఇంకో ఐదు నిమిషాలిస్తే ఇవే లాగేవి" అని ఎంత పెద్దమనిషి చెప్పినా ప్రైజు మారదు. జరగబోయేది ఊహించి తీర్పు ఇవ్వడం జడ్జి పని కాదు, జరిగింది కొలవడమే పని. మీ ఆటలో టేపు ప్రైజ్ కార్డులు. ఆ కొలత ఏదో ఆట మొదలవకముందే అందరికీ చెప్పి ఉంటే మీ మీద మాట పడేది కాదు.

రెండోది, మీ పిన్ని కొడుకు ఆడుతుంటే ఆ టేబుల్ తీర్పు మీరు చెప్పకూడదు. హెడ్ జడ్జి ఒకరు ఉండాలి, ఆయన మాటే ఆఖరు, ఆయన ఆడకూడదు, ఆయన ఇంటివాళ్ళ ఆట వస్తే పక్కాయన చూడాలి. చిన్న ఊళ్ళో అందరం అందరికీ చుట్టాలమే, కాబట్టి ఇద్దరు జడ్జిలు లేకుండా మొదలుపెట్టొద్దు. చీటీలు కూడా మీరు తీయొద్దు, అక్కడున్న చిన్నపిల్లని పిలిచి అందరి ముందూ తీయించండి.

మూడోది పాయింట్లు సమానమైతే ఏం చెయ్యాలన్నది. 5 రౌండ్ల తర్వాత నాలుగో స్థానానికి ఇద్దరో ముగ్గురో పోటీకి వస్తారు, ఇది ప్రతిసారీ జరిగేదే. చదరంగంలో మేము బుఖోల్జ్ అని ప్రత్యర్థుల పాయింట్లు కూడతాం. మీ పోకెమాన్‌లో అట్లాంటిదే, ప్రత్యర్థుల గెలుపు శాతం చూస్తారని చదివాను. ఉదాహరణకి ఇద్దరూ 4 గెలిచి 1 ఓడి 12 పాయింట్ల మీద ఉన్నారనుకోండి. మొదటివాడితో ఆడిన ఐదుగురు ఐదేసి రౌండ్లలో 3, 3, 2, 4, 3 గెలిచారు, అంటే 60, 60, 40, 80, 60 శాతం, సగటు 60. రెండోవాడితో ఆడినవాళ్ళు 1, 2, 2, 3, 4 గెలిచారు, అంటే 20, 40, 40, 60, 80. ఇక్కడ ఒక మెలిక ఉంది, మరీ ఘోరంగా ఓడినవాడి వల్ల మనకి నష్టం రాకూడదని పోకెమాన్‌లో 25 కంటే తక్కువ ఉంటే 25గా లెక్కేస్తారు, మ్యాజిక్‌లో ఆ హద్దు 33. కాబట్టి 20 కాస్తా 25 అయ్యి సగటు 49 వస్తుంది. 60 వచ్చినవాడు పైన. గట్టివాళ్ళతో ఆడి తెచ్చుకున్న 12 పాయింట్లకి విలువ ఎక్కువ, న్యాయం కూడా అదే. ఈ లెక్క పిల్లలకి ముందే బోర్డు మీద వేసి చూపించండి, చివర్లో చెప్తే ఎవరూ వినరు.

హాలు సంగతి. ఆయన భయం పోలీసుల గురించి. మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, కానీ హాలాయనకి తీర్పులు చదివి వినిపిస్తే ఇంకా భయపడతాడు. ఒక డెక్ తీసుకుపోయి ఆయన ముందు పరచండి, ఇస్పేటు, కళావరు ఏమీ లేవని ఆయనే చూస్తాడు. డబ్బు ప్రైజు పూర్తిగా మానెయ్యండి, సీల్ తియ్యని కార్డు ప్యాకెట్లే ప్రైజు. ఎంట్రీ ఫీజు దేనికి ఎంత పోయిందో కాగితం రాసి తలుపు మీద అంటించండి. స్టేషన్‌లో కూడా ముందే ఒక ఉత్తరం ఇచ్చి రండి. బ్యానర్ మీద "కార్డ్స్" అని పెద్దక్షరాలతో వెయ్యకండి, పోకెమాన్ బొమ్మ వేస్తే చాలు. ఆషాఢంలో పెట్టుకుంటే పెళ్ళిళ్ళు ఉండవు, కళ్యాణ మండపాలు ఖాళీ, అద్దె కూడా బేరమాడొచ్చు, భోజనాల బల్లలు కూడా వాళ్ళవే ఉంటాయి.

పెన్నాగట్టు:

మాస్టారూ, టేపు మాట బాగా తగిలింది. నేను ఆ రోజు ఊహించి ఇచ్చా, నిజమే. కావలి తమ్ముడూ, నకిలీ కార్డుల గురించి, పెనాల్టీల గురించి కూడా రాయవా. పోయినసారి ముగ్గురు పిల్లలు బంగారు రంగు కార్డులు తెచ్చారు, ఏం చెప్పాలో తెలీక ఆడనిచ్చేశా.

కందుకూరు_అమ్మ:

ఆ ముగ్గురిలో ఒకడు మా బాబేనేమో అండి. పుట్టినరోజుకి ఫ్యాన్సీ షాపులో బంగారు రంగు కార్డుల డబ్బా కొనిపెట్టాం, వాడికి పదేళ్ళు, దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. అందులో ఒక్కటి కూడా అసలుది కాదని టోర్నమెంట్ టేబుల్ దగ్గర ఎదుటి పిల్లోడు గట్టిగా నవ్వుతూ చెప్తే తెలిసింది. ఆట ఆడాడు కానీ దారి పొడుగునా మాట్లాడలేదు. కాబట్టి నేను అడిగేది ఒక్కటే. నకిలీ కార్డులు వద్దని రూల్ పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ ఆ మాట నెల ముందే గ్రూపులో ఫోటోలతో సహా పెట్టండి, మా లాంటి తల్లిదండ్రులకి అసలుదేదో నకిలీదేదో తెలీదు. వచ్చిన రోజు కూడా పక్కకి పిలిచి చెప్పండి, అందరి ముందూ కాదు. 60 కార్డులు కట్టి ఉన్న బ్యాటిల్ డెక్ పెట్టెలు దొరుకుతున్నాయి కదా, అవి ఓ మూడు మీ దగ్గర ఉంచుకుని అట్లాంటి పిల్లలకి ఆ పూటకి ఇవ్వండి. ఒక పెట్టె నేను కొనిస్తాను.

ఇంకో మాట అండి, పెద్దవాళ్ళ గురించి. మా వెనక కూర్చున్న ఒకాయన వాళ్ళబ్బాయికి ప్రతి టర్న్‌కీ "అది కాదురా, ఆ ఎడమ చేతి కార్డు వెయ్" అని చెప్తూనే ఉన్నాడు. మా వాడు నా వైపు చూశాడు, నాకేమో ఆట రాదు. తల్లిదండ్రుల కుర్చీలు టేబుళ్ళకి దూరంగా వేయండి. నన్ను కూడా అక్కడే కూర్చోబెట్టండి.

స్లీవ్_కావలి:

అక్కా, బాబుకి చెప్పండి, కావలి నుంచి ఒక అన్న అసలు కార్డులు కొన్ని తెస్తున్నాడని. పవర్ ఉన్న పోకెమాన్‌ల కంటే ఎనర్జీ (ఎటాక్‌కి కావాల్సినవి), ట్రైనర్ (ఆటలో సాయం చేసేవి) కార్డులే చిన్నోళ్ళకి ముందు కావాలి, అవి నా దగ్గర డబ్బాల కొద్దీ ఉండాయి.

నకిలీది పట్టుకోవడం. వెనక వైపు నీలం రంగు వెలిసినట్టుంటది, అక్షరాలు లావుగానో సన్నగానో తేడాగా ఉంటాయి, మొత్తం కార్డు బంగారు రేకులాగా మెరుస్తా ఉంటే అనుమానమే అక్కర్లేదు. చీకట్లో వెనక నుంచి ఫోన్ టార్చ్ వెయ్యి, అసలు కార్డు మధ్యలో నల్లటి పొర ఉంటది కాబట్టి వెలుగు అంతగా దాటదు, చాలా నకిలీవి దీపం చిమ్నీలాగా వెలిగిపోతాయి. ఒక అసలు కార్డు పక్కన పెట్టుకుని పోల్చి చూడు, ఒక్కదాన్నే చూసి తేల్చెయ్యొద్దు.

డెక్ లిస్ట్ రాయించు అన్నా, ఇది తప్పనిసరి. పోకెమాన్‌లో సరిగ్గా 60 కార్డులు, ఒకటి ఎక్కువ కాదు ఒకటి తక్కువ కాదు, ఒకే పేరు కార్డు 4 కి మించకూడదు, బేసిక్ ఎనర్జీకి ఆ లెక్క లేదు. పేరు, ఎన్ని అని కాగితం మీద రాసి మొదటి రౌండ్ ముందే ఇచ్చెయ్యాలి, ఇచ్చాక డెక్ మార్చకూడదు. మధ్యలో రౌండ్‌కి ఒక టేబుల్ చొప్పున డెక్ తీసుకుని లిస్ట్‌తో సరిచూడు, చూసినంత సేపూ వాళ్ళకి టైం కలిపి ఇవ్వు. ఫార్మాట్, అంటే ఏ కార్డులు చెల్లుతాయన్నది, కూడా ఇప్పుడే చెప్పెయ్, స్టాండర్డ్ అంటే కార్డు కింద మూలన చిన్న అక్షరం ఉంటది చూడు, అందులో ఏ అక్షరాలు చెల్లుతాయో మారుస్తా ఉంటారు, పిల్లలు పాత కార్డులు తెచ్చి ఏడవకుండా ఆ అక్షరాలు గ్రూపులో పెట్టు.

స్లీవ్స్ (కార్డుకి తొడిగే ప్లాస్టిక్ కవర్లు) లేకుండా ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, 60 కీ ఒకే రకం, ఒకే రంగు. మన కోస్తా ఉక్కకి మెరిసే కార్డులు విల్లులాగా వంగిపోతాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ డెక్ పక్క నుంచి చూస్తే ఏ కార్డు ఎక్కడుందో కనిపిస్తది. కావాలని చెయ్యకపోయినా అది గుర్తు పెట్టిన కార్డే అవుద్ది. ముందు రోజు రాత్రి బరువైన పుస్తకాల కింద పెట్టమని చెప్పు, డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ తెల్ల గుళికల సంచి ఒకటి వెయ్యమను. అట్టాగే కలిపిన డెక్ ప్రతిసారీ ఎదుటోడికి ఇవ్వాలి, వాడు కోసో మళ్ళీ కలిపో ఇస్తాడు. ఫ్యాన్ కింద టేబుల్ వెయ్యొద్దు, సగం గొడవలు ఎగిరిపోయిన కార్డుల వల్లే.

పెనాల్టీలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ముందు నోటి మాటతో హెచ్చరిక, తర్వాత రాసుకునే వార్నింగ్, తర్వాత ఎదుటోడు ఒక ప్రైజ్ కార్డు తీసుకోవడం, తర్వాత ఆట ఓడిపోయినట్టు, ఆఖరికి టోర్నమెంట్ నుంచి పంపెయ్యడం. పొరపాటుగా ఒక కార్డు ఎక్కువ తీసుకున్నోడినీ చేతిలో కార్డు దాచినోడినీ ఒకే గాటన కట్టొద్దు. పదేళ్ళోడు మొదటి టర్న్‌లో సపోర్టర్ (ట్రైనర్ కార్డుల్లో ఒక రకం) వేసేస్తాడు, మొదట ఆడేవాళ్ళు మొదటి టర్న్‌లో సపోర్టర్ వెయ్యకూడదు, ఎటాక్ చెయ్యకూడదు అన్నది వాడికి గుర్తుండదు, వెనక్కి తీయించి చెప్పి వదిలెయ్. కానీ ఇద్దరు కూడబలుక్కుని "టాస్ వేసి తేల్చేసుకుందాం" అన్నా, "నాకు గెలుపు రాయి, ప్యాకెట్ నీకిస్తా" అన్నా ఇద్దర్నీ పంపెయ్, అక్కడ జాలి వద్దు. ఓడిపోయానని తనంతట తాను ఒప్పుకోవచ్చు, దానికి బదులు ఏదీ తీసుకోకూడదు, అంతే తేడా.

తేడా వచ్చిందంటే ఆట అక్కడే ఆపి, కార్డులు కదపకుండా చెయ్యెత్తి జడ్జిని పిలవాలి. ఈ ఒక్క అలవాటు పొద్దున్నే అందరి చేత ఒకసారి చేయించు. పిల్లలు జడ్జిని పిలవడం అంటే చాడీ చెప్పడం అనుకుంటారు, కాదని చెప్పు.

ఒంగోలు_ఆర్బిటర్:

వయసు సంగతి ఎవరూ అడగలేదు. గిత్తలకే పళ్ళు చూసి రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి వేరు అని విభాగాలు పెడతాం, పిల్లలకి వద్దా? పోకెమాన్ వాళ్ళకీ పుట్టిన సంవత్సరాన్ని బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు ఉన్నాయట. 24 మందే కాబట్టి స్విస్ అందర్నీ కలిపి ఆడించి, ప్రైజులు మాత్రం విడిగా ఇవ్వండి. కందుకూరు అమ్మగారి బాబు పెద్దవాళ్ళ చేతిలో మూడు ఓడినా తన వయసు వాళ్ళలో మొదటివాడు కావచ్చు.

పెన్నాగట్టు:

అన్నీ రాసుకున్నా. రెండు పేజీలు అయింది, తెలుగులోనే, ఈ రాత్రికి గ్రూపులో పెడతా. ఆషాఢంలో ఆదివారం చూసుకుంటుండాం, దర్గామిట్టలో ఒక చిన్న మండపం ఆయన డెక్ చూశాక మెత్తబడ్డాడు, మా అబ్బాయి కూడా ఇవే కొనమంటాడయ్యా అన్నాడు, అడ్వాన్సు రేపిస్తా. మా పిన్ని కొడుకు ఆడతాడు, వాడి టేబుల్ వైపు నేను పోను.

ఫైనల్ ఆడిన ఆ అబ్బాయికి నిన్న ఫోన్ చేశా. అది నీ ఆటే, నేను తప్పు తీర్పు ఇచ్చానని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఈసారి రౌండ్లు ఎన్నన్నా" అని అడిగాడు. ఆత్మకూరు వాళ్ళ నంబరు ఎవరి దగ్గరా దొరకలేదు, ఆ బస్సు రూట్లో ఎవరన్నా తెలిసినోళ్ళుంటే చెప్పండి. మాస్టారూ, హెడ్ జడ్జిగా మీరు రాగలరా? కార్డు రూల్స్ కావలి తమ్ముడు చూసుకుంటాడు, మాట మాత్రం మీది ఉండాలి.

ఒంగోలు_ఆర్బిటర్:

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను. పెద్ద అంకెల గడియారం ఒకటుంది నా దగ్గర, బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. స్లిప్పులు మీరు అచ్చు వేయించండి, ఇద్దరి సంతకాలకీ చోటు వదలండి.